సత్తువకు అర్థం

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

పొద్దున ఒడ్డున పెద్ద వల లాగడానికి ఒక మనిషి తక్కువైతే నేనూ తాడు పట్టుకున్నాను. "సత్తువ పెట్టి లాగొదినా!" అని నీ తమ్ముడు అరిచినాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం మన అమ్మాయి నెల్లూరు హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఆ సంగతి చెప్పి, "నాకంత సత్తువ యాడుంది పాపా?" అన్నాను. తెలుగు ఎమ్మే చదువుతోంది కదా, వెంటనే అందుకుంది.

"సత్తువనే మాట సత్త్వం నుంచి వచ్చిందిమా. సత్ అంటే ఉన్నది. సత్త్వమంటే మొదట ఉండటమనే అర్థం. బలమనేది తర్వాత."

గుండె జబ్బు వచ్చాక నువ్వు వల లాగలేక ఇసుకలో కూర్చునేవాడివి. "నేనింక దేనికీ పనికిరాను మే," అని కుమిలిపోయేవాడివి. నువ్వు అక్కడ కూర్చుని ఉన్నావన్న ధైర్యంతోనే నేను చేపల గంపెత్తుకుని ఊళ్ళు తిరిగొచ్చేదాన్ని. ఈ అర్థం అప్పుడే తెలిసుంటే నీకు చెప్పేదాన్ని.

రేపూ వల లాగడానికి రమ్మన్నారు. వెళతాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉండటానికి అంతకన్నా ఎక్కువ సత్తువ కావాలి మావా.

నీ
మంగ