పదకొండు రోజుల చెప్పులు

మావయ్యకి నమస్కారాలు,

మా ఆఫీసులో శరణార్థుల కేసులు ఉచితంగా వాదిస్తామని తెలుసుగా. ఒకావిడ బిడ్డని ఎత్తుకుని, పదకొండు రోజులు కొండలెక్కి దిగి సరిహద్దు దాటి వచ్చింది. అర్జీ చూసిన అధికారి ఏం రాశాడో చూడు: "ఈ పల్చటి చెప్పులతో పదకొండు రోజుల నడక అసాధ్యం. కట్టుకథ." ఇరవయ్యో తారీఖున అప్పీలు. అదీ పోతే వెనక్కి పంపేస్తారు. అక్కడ ఇల్లు తగలబెట్టినవాళ్లు ఆమెని చంపడానికి కాచుక్కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా చెప్పులు కుడుతున్నావు, నీకన్నా నిపుణుడెవడు? చెప్పులు పార్సిల్ చేశా. చూసి, నీ అభిప్రాయంతో సహా తిప్పి పంపు.

నీ మేనకోడలు

తా.క.: అరపేజీ చాలు. కుళాయి గురించి నువ్వు రాసిన పధ్నాలుగు పేజీలు మున్సిపాలిటీ వాళ్లు ఇంకా చదువుతూనే ఉన్నారట.

కోడలు పిల్లకి దీవెనలు,

చదివాక ఒళ్లు మండిపోయింది. ఆ మహానుభావుడు కారు దిగి లిఫ్టు దాకా తప్ప ఎన్నడైనా నడిచాడా? నడవనివాడు నడకకి తీర్పరా? ఇళ్లు తగలబెట్టినవాణ్ణి ఎవడూ ఏమీ అడగడు. మంటల్లోంచి పారిపోయి వచ్చినదాన్ని మాత్రం రుజువు చూపించమంటారు! మిగతాది తొమ్మిది పేజీల్లో జతచేశా.

ఇక చెప్పులు. ఏం గతి పట్టించారే వాటిని! చూస్తూ ఊరుకోలేకపోయా. పాత అడుగులు ఊడబీకి కొత్తవి వేశా, వార్లు మార్చా, పాలిష్ కొట్టా. ముఖం చూసుకోవచ్చు.

మావయ్య

తా.క.: ఇంకో పదకొండు రోజులకి నాది గ్యారంటీ.

మావయ్యా, మావయ్యా, మావయ్యా!

ఎంత పని చేశావు! అరిగిన అడుగులే మన సాక్ష్యం! నీ మీద నమ్మకంతో పార్సిల్ విప్పకుండానే, లోపలున్న నీ ఉత్తరం చదవకుండానే దాఖలు చేశాను. "చెప్పులు సరికొత్తవి. నడిచిన ఆనవాళ్లు లేవు" అని ఎర్రసిరాతో రాసి మా మొహాన కొట్టాడు ఆ అధికారి.

నీ మేనకోడలు

తా.క.: చెప్పులు చూసి ఆవిడ ఏడ్చింది, ఎంత బాగున్నాయో అని. నేనూ ఏడ్చాను. కారణం వేరు.

కోడలా,

కంగారు పడకు. తప్పు నాది, దిద్దేస్తా. వెంటనే చెప్పులు పంపు. ఆకురాయి ఉంది, గరుకు కాగితం ఉంది. రెండు గంటల్లో పదకొండు రోజులు అరగదీసి ఇస్తా.

మావయ్య

తా.క.: అక్కడి కొండల మట్టి ఏ రంగో కనుక్కో. మా గుమ్మం ముందు నల్లది ఒక్కటే ఉంది.

మావయ్యా,

ముందు ఆ ఆకురాయి కింద పెట్టు! దాన్ని దొంగ సాక్ష్యం పుట్టించడం అంటారు. నా ప్లీడరు పట్టా పోతుంది, నీకు జైలు. ఊడబీకిన పాత అడుగులు ఏం చేశావు? నీకు పంపకముందు తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి, పోల్చి చూపిస్తా. ఉంటే కడక్కుండా, తుడవకుండా, ముద్దు చెయ్యకుండా అలాగే పంపు.

నీ మేనకోడలు

తా.క.: అరపేజీ! అధికారి కారు ఊసు వద్దు.

కోడలా,

దొరికాయి. కొట్లో బల్ల కాలు ఊగుతోందని దాని కింద పెట్టా. ఇప్పుడు బల్ల ఊగుతోంది. ఇదిగో నీ అరపేజీ:

"కుడి అడుగు ఎడమదానికి రెండింతలు అరిగింది, అదీ బయటి అంచున. కుడి చంకన బిడ్డనేసుకుని రాళ్ల మీద నడిచిన నడక ఇది. కానీ పదకొండు రోజులన్నది అబద్ధం. పదహారు, పదిహేడు రోజులకు తక్కువ కాదు."

మావయ్య

తా.క.: ఏమనుకోకు. చెప్పుల విషయంలో అబద్ధం రాయలేను.

మావయ్యకి వెయ్యి నమస్కారాలు,

నీ అరపేజీ విని ఆ అధికారి ఎగిరి గంతేశాడు. "చూశారా! వాళ్ల నిపుణుడే అబద్ధమంటున్నాడు!" అప్పుడు ఆవిడ లేచింది. "నిజమే, పదిహేడు రోజులు. మొదట అదే చెప్పాను. ఇదిగో, ఈయనే, 'అంత ఎక్కడ నడుస్తావమ్మా, నమ్మేలా చెప్పు' అన్నారు. సరే, పదకొండు రాసుకోండి అన్నాను."

అప్పీలు వింటున్న పెద్దావిడ ఫైలు మొదటి పేజీ తీయించింది. పదిహేడు కొట్టేసి పదకొండు! పక్కనే పొట్టి సంతకం. అధికారిదే! తగ్గించిందీ ఆయనే, తగ్గించినదాన్ని నమ్మనిదీ ఆయనే.

ఉండనిచ్చారు మావయ్యా. తల్లినీ బిడ్డనీ ఇక్కడే ఉండనిచ్చారు.

నీ మేనకోడలు

తా.క.: చంక దిగి చిన్నది తనే నడుస్తోంది, కాళ్లకి ఏమీ లేవు. పాదం కాగితం మీద గీయించి పంపుతున్నా. ఈసారి కుట్టేవి సాక్ష్యం కాదు, ఉత్త చెప్పులే. ఇక నీ ఇష్టం.