మేకుకున్న తెల్ల చున్నీ

మే 4, ఆదివారం. బల్మూర్

నలభై మూడు డిగ్రీలు. ఎండాకాలంలో చర్చిలు చూడబోయే ఆడవాళ్ళు ఏం వేసుకోవాలో ఆర్టికల్ కావాలట మా ఎడిటర్‌కు. సరితా, నువ్వయితేనే బాగా రాస్తావు అని ఏసీ గదిలో కూర్చుని పొగిడాడు. బాగా రాసే ఈ సరిత హైదరాబాద్ నుంచి స్లీవ్‌లెస్ కుర్తీలో స్కూటీ మీద వచ్చింది.

చర్చిలో ఆడవాళ్ళందరూ కొంగు తల మీదికి లాక్కుని చాపల మీద కూర్చున్నారు. నా చేతులు చూసి ఒకామె మూతి తిప్పింది. ముఖానికి చుట్టుకున్న నీలం స్కార్ఫ్ చెమటకు తడిసి ముద్దయింది. దాన్ని గుమ్మం పక్క మేకుకు తగిలించి, అదే మేకుకు వేలాడుతున్న తెల్ల చున్నీ తీసి కప్పుకున్నాను. అబ్బ, ఎంత చల్లగా ఉందో!

విజయమ్మ అనే ముసలామె పక్కన చోటిచ్చింది. చూపు ఆనదు పాపం. ఎప్పుడొచ్చినవ్ బిడ్డా అని అడిగింది. పొద్దున్నే అన్నాను. ప్రార్థన అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం. వనపర్తి లాడ్జి

చున్నీ కప్పుకునే వచ్చేశాను. స్కార్ఫ్ అక్కడే ఉండిపోయింది. నా మతిమరుపు మండిపోను.

మే 5. అమరచింత

మధ్యాహ్నం ఇక్కడి చర్చిలో స్త్రీల కూడికకు అదే చున్నీ కప్పుకుని వెళ్ళాను. ఇంత ఎండలోనూ చుక్క చెమట లేదు. ఆర్టికల్‌కు పాయింట్ దొరికింది, తెల్ల కాటన్.

వాళ్ళు పాట ఎత్తుకున్నారు. నేను ఏనాడూ విననిది. రెండో చరణం నేనే అందుకున్నాను.

మే 6. గద్వాల

అరచేతులు కాయలు కాశాయి. గోళ్ళ సందుల్లో సిమెంటు. మూడుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.

అమ్మ ఫోన్ చేసింది. నీ గొంతేంటే అలా ఉంది, జలుబా అంది.

మే 7

బల్మూర్ చర్చి బోర్డు ఫోటోలో ఉన్న నెంబర్‌కు ఫోన్ చేశాను. పాస్టర్ జోసెఫ్ ఎత్తాడు. చున్నీ సంగతి చెప్పగానే పరేషాన్ అయ్యాడు. వలస పోయే ఆడోళ్ళు తమ చున్నీ మేకుకు పెట్టి పోతరట. దూరమున్నా చర్చిల వాళ్ళ జాగ ఖాళీ కావద్దని. ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకోవాలె, వేరేటోళ్ళు ముట్టరు అన్నాడు. నేను తీసింది విజయమ్మ బిడ్డ రెబెకాది. పుణెకు సిమెంటు పనికి పోయి నాలుగేండ్లాయె, ఫోను గూడ లేదట.

వేరేవాళ్ళు తీస్తే ఏమవుతుందని అడిగాను. జల్ది తెచ్చి పెట్టు బిడ్డా అన్నాడు. తర్వాత, ఆ మేకుకు నువ్వేం పెట్టినవ్ అని అడిగాడు.

నా స్కార్ఫ్ అని చెప్పడానికి భయమేసింది.

మే 8. బల్మూర్

మేకు ఖాళీ. స్కార్ఫ్ లేదు. చర్చిలో విజయమ్మ ఒక్కతే ఉంది. పొద్దుగాల బస్సు దిగి ఎవరో ఒకామె వచ్చిందట. మేకు దిక్కు చూసి ఏడ్చిందట. నేను రెబెకాను అంటది, నా బిడ్డ ఆదివారమే వచ్చె, నువ్వెవరని ఎళ్ళగొట్టిన అంది.

మీ బిడ్డను కాదమ్మా, సరితను అని అరిచాను. చున్నీ తీసి మేకుకు తగిలించబోయాను. మళ్ళ యాడికి పోతవ్ రెబెకా అని నా చెయ్యి పట్టుకుంది.

బయట స్కూటీ స్టార్టయింది. తాళంచెవి బండికే వదిలేసి వచ్చాను. పరుగెత్తాను. బండి మీద ఒకామె. నీలం స్కార్ఫ్‌తో ముఖమంతా చుట్టేసుకుంది. కళ్ళు మాత్రమే కనిపించాయి.

అవి నా కళ్ళు.

మే 9. బల్మూర్

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. సరిత వాళ్ళమ్మ ఎత్తింది. మా సరిత నిన్ననే ఇంటికొచ్చిందమ్మా, ఎండలో తిరిగి నల్లబడింది, పడుకుంది, మీరెవరు అని అడిగింది.

ఫోను పెట్టేసిన. అమ్మ అన్నానికి పిలుస్తున్నది. పోతున్న.