రెండో ఆటలో మామయ్య

సువా

ప్రియమైన బావ ఇసిరేలికి,

సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, నిన్న సాయంత్రం మా పిల్లి నా కుర్చీని ఆక్రమించింది. నేను నేలమీద కూర్చుని ఆడుకుంటున్నాను.

మనిద్దరం తిండి మానేసి ఆడిన ఆ పడవల వీడియో గేముకి రెండో భాగం వచ్చింది. మీ దీవిలో కరెంటు నిలవదు కాబట్టి నీ వంతు కూడా నేనే కష్టపడుతున్నా. సముద్రం మాత్రం అద్భుతం బావా. గాలి మళ్ళితే తెరచాప చప్పుడు కూడా మారుతుంది. ఎటైనా పోవచ్చు, ఎవడూ ఆపడు. పోయి ఏం చెయ్యాలో మాత్రం ఆట చేసినవాళ్ళకే తెలీదు. ఏ దీవిలో దిగినా ఒక ముసలమ్మ, తప్పిపోయిన తన పందిని వెతికిపెట్టమంటుంది. మొదటి ఆటలో ఊళ్ళోవాళ్ళు మనల్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఇందులో ప్రాణం కాపాడినా, తెల్లారి "ఎవరు బాబూ నువ్వు" అంటారు.

ఒక్కడు మాత్రం మనిషి. పడవ నడిపే ముసలి సరంగు. కుంటుతాడు, కళ్ళు మూసుకుని అలని బట్టి దారి చెప్తాడు. అచ్చం మా మామయ్యే. మీ నాన్నకి చదివి వినిపించు.

నీ బావ,
ఫిలిమోని

ఓనో దీవి

ప్రియమైన వెధవ బావకి,

చదివి వినిపించాను. సాయంత్రం యాంగోనా వేరు కషాయం తాగడానికి చేరిన ప్రతివాడికీ నాన్న ఆ సరంగు కథే చెప్తున్నాడు.

నీకు రాయలేదుగానీ, షుగరుతో ఆయన పాదం పుండు పడింది. మీ సువా పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే కాలు దక్కదంది నర్సు. బతిమాలాం. అమ్మ అలిగింది. ఉన్నచోటే పోతానన్నాడు. నిన్న తనే సంచి సర్దుకున్నాడు. "ఫిలిమోని ఇంట్లో నేనున్నానట, చూసొస్తా. ఆసుపత్రీ ఆ ఊళ్ళోనేగా" అన్నాడు.

ఈ ఉత్తరం చేపల పడవవాళ్ళ చేతికిస్తున్నా. వచ్చే ఓడకి బయల్దేరతాం. ఆ సరంగు దగ్గర ఆట ఆపి ఉంచు.

నువ్వు చేసిన పాత వెధవపనులన్నీ మాఫీ.

ఇసిరేలి

సువా

ప్రియమైన బావకి,

మిమ్మల్ని ఎక్కించుకునే ఓడలోనే ఇది వస్తోంది. ఓడ కదిలి, దీవి కనుమరుగయ్యాకే మామయ్యకి చదువు. ముందే చదివితే ఆయన ఓడ ఎక్కడు.

బావలు ఆటపట్టించుకున్నాక క్షమాపణ అడిగే అలవాటు మనలో లేదు. అయినా అడుగుతున్నా. సరంగు ఆటలో లేడు. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి దీవి దీవీ వెతికా, ఎక్కడైనా నిజంగానే ఉంటాడేమోనని. ముసలమ్మలూ పందులే దొరికారు.

"ఆయన కాలు దక్కేదాకా నోరు మూసుకో" అంది మా ఆవిడ సలోటే. మూసుకుందామనే చూశా. కానీ మామయ్య దిగగానే అడిగేది ఆ సంగతే. ఆ మొహంలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేను. రేవులోనే నిలబడి ఉంటా. నన్ను కొట్టాలన్నా ఆయన ఓడ దిగాల్సిందే.

సముద్రం నిజం, గాలి నిజం, పంది నిజం. సరంగు నా కల్పన. కుంటికాలు మీరు నవ్వుతారని పెట్టా. పుండు సంగతి తెలీదు, ఒట్టు. కళ్ళు మూసుకుని అలని బట్టి దారి చెప్పడం మాత్రం కల్పించలేదు. అది చిన్నప్పుడు ఆయన పడవలో కూర్చుని నేను కళ్ళారా చూసింది.

తలదించుకుని,
ఫిలిమోని