ఊపిరికి నాలుక

నవంబరు 12
అప్ప మళ్ళీ దగ్గుతోంది. తెల్లారగట్ల మొదలుపెట్టి మంచు విడిచేదాకా. మూడేళ్ళనుంచీ ఈ రోజుల్లో ఇంతేనట. వైజాగ్‌లో ఉన్న నాకు తెలియలేదు. ఫోనులో "బాగున్నాం, నువ్వు తిన్నావా" తప్ప ఇంకేం చెబుతుంది! అమ్మానాన్నా పోయాక నన్ను పెంచిన పెద్దక్క. తన ఆయాసం నాకు చెప్పుకుంటుందా?
ల్యాబ్‌లో ప్రాజెక్టు అయిపోయింది, దసరాకి ముందే వచ్చేశాను. ఇప్పుడు కాఫీ పళ్ళు కోయడం, తొక్క తీయడం, గింజలు కడిగి ఆరబెట్టడం. చేతులు ఇంకా మరిచిపోలేదు.

నవంబరు 14
పొగే కారణం. ఇంకేం కావాలి? వంటింటికి కిటికీ లేదు. పొయ్యి పక్కనే అప్ప చాప. ఈ రోజు తగువు పెట్టుకుని మరీ, లోపలి గదిలో మంచం వేయించాను.
"పొయ్యి నేకపోతే సలికి సచ్చిపోతానే!"
"రెండు దుప్పట్లు కప్పుకో. పొగ తాగి చస్తావా?"
బావ నవ్వాడు. "సదువుకున్న గుంట సెప్తంది, ఇనుకో." తనే మంచం మోశాడు. గదిలో అప్పటికి కాఫీ గింజల బస్తాలు మూడే. గోడవైపు జరిపితే మంచం సరిగ్గా పట్టింది. గర్వంగా ఉంది. ఈ డైరీ దగ్గర దాచడం దేనికి.

నవంబరు 15
దగ్గలేదు. లేచేసరికి ముఖం తేటగా ఉంది.

నవంబరు 19
కల్లంలో గింజలు తిరగేస్తూ అప్ప అడిగింది — ఇన్నాళ్ళూ ఆ వైజాగ్‌లో ఏటి సేసినావే అని. ఇన్నేళ్ళలో మొదటిసారి.
చెప్పాను. ఊపిరి గొట్టం లోపలి గోడకి పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి... తల మీద చీపురు కుచ్చులాంటిది ఉన్న కణాలు. లోపలికి వచ్చే గాలిని అవి రుచి చూస్తాయి. నాలుక మీద చేదును కనిపెట్టే ఏర్పాటే వాటికీ ఉంది. పడనిది తగిలిందా, కబురు పెడతాయి. ఆ కబురుకి వేరే కణాలు పరిగెత్తుకొస్తాయి. గోడ వాస్తుంది, జిగురు ఊరుతుంది, గొట్టం ఇరుకైపోతుంది.
"ఊపిరికి నాలికేటే!" కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. తగ్గాక — "అయితే ఆ నాలిక్కి పొగ పడనేదన్నమాట."
అవునన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను.

నవంబరు 27
బస్తాలు తొమ్మిదయ్యాయి. మంచం కాళ్ళవైపు కూడా పేర్చాడు బావ. మంచుకి గింజ చెమ్మ పీల్చి బూజు పడుతుంది, ఇంట్లో పెట్టక తప్పదు. ఊళ్ళో అందరిళ్ళూ అంతే.
అప్పకి రొమ్ములో పిల్లికూతలు. చలి అనుకుంటున్నాను.

డిసెంబరు 3
ఘాట్ రోడ్డు మీద టూరిస్టుల కార్లు బారులు తీరాయి. అప్ప వాళ్ళకి కాఫీ పొడి పొట్లాలు అమ్ముతుంది కదా, అందుకని ఎండు గింజలు వేయించేముందు పొట్టు పోయేలా దంచి చెరుగుతోంది. అరుగు మీద గాలి. వంటింట్లో పొగ. "పొగ నేని గది ఉంది కదా" అని లోపలికెళ్ళి, మంచం మీదే కూచుని చేట పట్టింది. కిటికీలోంచి ఎండ. అందులో పొట్టు, దుమ్ము మెరుస్తూ తేలుతున్నాయి. ఫోటో కూడా తీశాను.

డిసెంబరు 8
మాట పూర్తి చెయ్యలేకపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూతికి ఆవిరి మందు పెట్టారు. పొగ దగ్గర ఉంచకండి అన్నారు డాక్టరు. ఉంచడం లేదండి, నవంబరులోనే మంచం మార్పించాను, అన్నాను. మెచ్చుకున్నారు.
అప్ప నర్సుతో చెబుతోంది — "మా సెల్లే. పొగలోంచి బయటికి లాగింది. నేపోతే ఈపాటికి పోయుందును."

డిసెంబరు 16
కొయ్యూరు. బావ అక్కగారింట్లో పెళ్ళి. మూడు రోజులయింది.
అప్ప దగ్గడం లేదు.
ఇక్కడా పొయ్యి ఇంట్లోనే. పచ్చి కట్టెలు, కళ్ళు మండే పొగ. వద్దన్నా వినకుండా దాని ముందు కూచుని ఊదుగొట్టంతో ఊదుతోంది, వియ్యాలవారి మీద వేళాకోళాలు ఆడుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

డిసెంబరు 18
ఇంటికొచ్చాం. అప్ప లోపలి గది తలుపు తీసింది, చీర మార్చుకోవడానికి. గంట కాలేదు... పిల్లికూతలు.

డిసెంబరు 19
పొగ కాదు. గింజల దుమ్ము. వేయించని కాఫీ గింజ దుమ్ము కొందరికి పడదని చదివాను కూడా. చదివాను! ఈ రోజుల్లోనే దగ్గు అంటే చలి అనుకున్నాను. ఇవి కోతల రోజులని తట్టలేదు. కాఫీ మన ఇంటిది కదా, దాన్ని అనుమానించడం తోచలేదు.
ల్యాబ్‌లో ఎలుకల ముక్కుల్లో రోజుకో చుక్క వేసేవాళ్ళం, పడని పదార్థం. వారాలపాటు. తర్వాత కోసి చూస్తే ఆ కుచ్చు కణాలు ముందుకన్నా ఎక్కువయ్యేవి. ఎన్ని పెరిగాయో లెక్కపెట్టడం నా ఉద్యోగం. అప్పని నేను ఐదు వారాలు బస్తాల మధ్య పడుకోబెట్టాను. మొండికేసినా వినకుండా.


డిసెంబరు 20
బావకి చెప్పాను. బస్తాలు బయట పెట్టెయ్యమన్నాను.
"మంచు తాగీసి బూజు పడితే ఎవుడు కొంతాడమ్మీ?"
అయినా పెట్టాడు. నా మొహం చూసి పెట్టాడు. అరుగు మీద, టార్పాలిన్ కప్పి. అప్పకి మాత్రం చెప్పలేకపోయాను. గది దులపాలన్నాను. పిరికిదాన్ని.

డిసెంబరు 22
తెల్లారేసరికి దట్టమైన మంచు. బావ పాలకి వెళ్ళాడు. నేను ఏటి దగ్గరున్నాను. గింజ తడిసిపోతోందని అప్ప ఒక్కర్తే బస్తాలన్నీ లోపలికి ఈడ్చుకుంది. ఒకటి చిరిగింది. ఒలికినవి ఊడ్చి, చేటతో చెరిగి ఎత్తిందట.
నేను వచ్చేసరికి గడప మీద ఉంది. పెదాలు నల్లగా.
ఎందుకు బయట పెట్టించానో ఒక్క మాట చెప్పి ఉంటే!

డిసెంబరు 24
పెద్దాసుపత్రి. ఆక్సిజన్ తీసేశారు. వార్డు గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టారు.
చెప్పేశాను. గింజల దుమ్ము అని, మంచం అక్కడ వేయించింది నేనే అని, తప్పు నాదే అని. ఏడ్చాను. అప్ప నా జుట్టు సవరించింది.
"కాఫీ ఏటి సేత్తాదే? నిన్ను సదివించింది అదే కదేటి. పొగే. నువ్వే కదా సెప్పినావు."
"నేను తప్పు చెప్పానప్పా."
"బెంగెట్టుకుని అలగంటన్నావు. ఇంటికెళ్ళగానే ఆ గదిలోనే పడుకుంతాను, పొయ్యి కాడికి ఎల్నులే."
ఇంకా ఏం చెప్పినా తల ఊపుతోంది. నమ్మడం లేదు. మొదట చెప్పినప్పుడు ఎంత బేగి నమ్మింది...

డిసెంబరు 26
నోటితో పీల్చే మందు ఇచ్చారు. వాడితే తగ్గుతుంది, పడనిదాని దగ్గర ఉండకూడదు అన్నారు. వాడించగలను. దూరంగా ఉంచడం ఎక్కడ?

డిసెంబరు 29
ఇంటికి తెచ్చాం. పక్కింటి పొయ్యి పొగ వాకిట్లోకి వస్తే చాలు, దగ్గు. ఇదివరకు ఇలా లేదు. లోపల ఆ కుచ్చు కణాలు పెరిగిపోయాయేమో, ఇప్పుడు పొగకీ ఓర్వలేకపోతోంది. లోపల బస్తాలు — కొనేవాడు పండగ దాటితేగాని రాడు, ఊళ్ళో ఖాళీ గది లేదు. వంటింట్లో పొయ్యి. ఆరుబయట మంచు.
బావ గది ఊడ్చి, మంచం వాకిట్లోకి తెచ్చి దులిపాడు. అప్ప శాలువా కప్పుకుని అరుగు మీద కూచుంది, కులాసాగానే.
"ఎక్కడెయ్యమంతావమ్మీ?" అన్నాడు బావ.
"దాన్నే అడుగు, దానికి తెలుసు" అంది అప్ప.
ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. పొద్దు వాలుతోంది. మంచం ఇంకా వాకిట్లోనే ఉంది.