దీపం పక్కకు జరిపినప్పుడు

స్వెన్‌బోర్,
నవంబరు 5, 2018, సోమవారం.

సిస్సెల్‌కి,

రేవు వీధిలో పాత సామాన్ల కొట్టు నడిపే వీబెకే రాస్తున్నది. ఉత్తరం అన్నాక నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. నేను క్షేమమే. నీ సంగతి శనివారం నా కళ్ళతో చూశాను కనుక ఆ రెండో సగం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోన్‌లో చెప్పకుండా ఈ కాగితాలేమిటి అనుకుంటావేమో. కొట్టులో ఉండగా నీ ఫోన్ మోగింది. ఎక్కడున్నావో, పక్కన ఎవరున్నారో, ఏ బస్సుకి వస్తావో గుక్క తిప్పుకోకుండా మీ ఆయనకి అప్పజెప్పావు. అలాంటి ఫోన్‌కి నేను ఒక్క అక్షరం కూడా పంపను. బుధవారం నువ్వు కప్పు కోసం వచ్చినప్పుడు దాన్ని ఈ కాగితాల్లోనే చుట్టి ఇస్తాను. బస్టాండు మరుగుదొడ్లో గడియ వేసుకుని చదువు. చదివాక చింపి నీళ్ళలో వదిలెయ్. కప్పు చుట్టుకోవడానికి పాత పేపరు సంచిలో వేరే పెడతాను.

నీలి చారల కప్పు కావాలని అడిగావు. అడుగున మూడు అలల గుర్తుండాలి, పిడి సన్నగా ఉండాలి, నీలం అచ్చం అదే కావాలి, ఒక్క పిసరు తేడా ఉన్నా మా ఆయన పట్టేస్తాడండీ అని నవ్వావు. వచ్చే శనివారం మార్టిన్ పండగకి బాతు విందుకి ఆయన స్నేహితులు వస్తారని, ఆ రోజు కప్పులన్నీ బయటికి తీస్తారని చెప్పావు. నీ రెండు వేళ్ళు కలిపి పట్టీ వేసున్నాయి. నేను అడగకముందే తలుపులో పడ్డాయండీ అన్నావు. మా ఇంట్లో తలుపులు కూడా అలాంటివే తల్లీ. తెరిచి ఉన్నా వేళ్ళు నలిపేవి.

నాకూ ఒక మొగుడుండేవాడు. ఆయనకీ ఇదే పిచ్చి. మా అమ్మానాన్నల కాలపు టేకు బల్లలు, ఓకు కుర్చీలు, మూడు గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుండే దీపం, గాజు పళ్ళాలు, బోర్న్‌హోల్మ్ దీవి కుమ్మరుల కూజాలు. మొదట్లో నాకూ ఆ పిచ్చి అంటుకుంది, అబద్ధమెందుకు చెప్పాలి? ఆదివారాలు ఇద్దరం ఊళ్ళమీద పడి పాత సామాన్ల సంతలన్నీ తిరిగేవాళ్ళం. ఒకసారి కోళ్ళగూట్లో కోడి పొదుగుతున్న కుర్చీ దొరికింది. ఆ కోడిని లేపడానికి ఆయన బతిమాలిన తీరు చూసి నేను పడీపడీ నవ్వాను. ఆ సాయంత్రం పడవ మీద ఆ కుర్చీలోనే వంతులవారీగా కూర్చుని ఇంటికొచ్చాం. అంత సుఖంగా నేనెప్పుడూ లేను.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడు అంటారు. మా ఇంటికొచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విడిచి, చర్చిలో నడిచినట్టు మెల్లగా నడిచి, ఇల్లు చూడ్డంతోనే సరిపెట్టుకునేవాళ్ళు. ఇల్లాలు మండు వేసవిలో పొడుగు చేతుల చొక్కా ఎందుకేసుకుందో ఒక్కరూ అడగలేదు.

మొదటి దెబ్బ నూనె వల్ల పడింది. ఓకు కుర్చీని సబ్బుతో తుడవాలని నీకూ నేర్పే ఉంటారు. గోరువెచ్చని నీళ్ళలో సబ్బు పొరలు కరిగించి, నురుగుతో, చెక్క గీతల వెంట తుడవాలి. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆ కుర్చీ మరీ పాలిపోయినట్టు కనిపించింది నాకు. మా నాన్న పడవకి పూసేవాడు కదా అని సుబ్బరంగా నూనె పట్టించాను. తెల్లటి ఓకు తేనె రంగుకి తిరిగింది. ఎంత బాగుందో అని మురిసిపోయాను కూడా. ఆయనొచ్చి చూశాడు. అరవలేదు. కుర్చీని రెండు చేతులా ఎత్తి పక్కగదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, తిరిగొచ్చి కొట్టాడు. కిందపడ్డాక తన్నాడు. నా ఎడమ చెవి ఆ రోజే పోయింది. శనివారం నువ్వు గొంతు తగ్గించినప్పుడల్లా నేను తల అటు తిప్పింది అందుకే, పొగరుతో కాదు.

తరవాత ఏడ్చాడు, పూలు తెచ్చాడు. అది నీకు తెలియని కథ కాదు. కానీ నేను ఒకటి కనిపెట్టాను, నువ్వూ కనిపెట్టే ఉంటావు. ఆయన కోపంలో ఒళ్ళు తెలియకుండా కొట్టే మనిషి కాదు. కొట్టేముందు సర్దుతాడు. బల్లమీది దీపం కిటికీ దగ్గరికి జరుపుతాడు. గాజు పళ్ళెం అలమరలో పెడతాడు. ఉన్ని తివాచీ చుట్టి గోడకి చేరవేస్తాడు, ఉన్నికి రక్తం అంటితే పోదని. ఇవన్నీ నిమ్మళంగా, ఈలవేసుకుంటూ చేస్తాడు. దీపం కదిలిందంటే నేను చేతులు తలకి అడ్డం పెట్టుకునేదాన్ని. ఒళ్ళు తెలియక కొట్టాడు పాపం అని పక్కవాళ్ళు ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. గాజు పళ్ళేనికి ఒక్క గీత పడకుండా నా పక్కటెముకలు విరిచిన మనిషికి ఒళ్ళు తెలియకపోవడమేమిటి?

అందుకని ఒక చలికాలం సాయంత్రాలన్నీ ఆ కోళ్ళగూటి కుర్చీలోనే కూర్చున్నాను. లే అనేవాడు. లేవను అనేదాన్ని. పట్టుకు లాగితే కుర్చీ కీళ్ళు వదులవుతాయని ఆయన భయం. ఎదురుగా నిలబడి, ఎంతసేపుంటావో చూస్తానే, ఎప్పటికైనా లేవవా అనేవాడు. మనిషన్నాక ఎప్పటికైనా లేవాల్సిందే.

పోలీసులు రాలేదా అంటావేమో. వచ్చారు, దారిన పోయేవాళ్ళెవరో నా అరుపు విని ఫోన్ చేస్తే. ఆయన వాళ్ళకి నీలి కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకతను దీపం వంక నోరు తెరుచుకుని చూసి, మా అమ్మమ్మకీ ఇలాంటిదే ఉండేదండీ, చెత్తలో పారేశాం అన్నాడు. అయ్యయ్యో ఎంత పని చేశారు అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. నేను విరిగిన భుజం ఎముకతో పక్కనే కూర్చుని, మెట్ల మీద జారాను అన్నాను. అంతకన్నా ఏమంటాను, వాళ్ళు వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలేది మేమిద్దరమే కదా.

ఇక కప్పు సంగతి. నేనూ ఒకటి పగలగొట్టాను. నీలాగే ఊళ్ళన్నీ వెతికి, అచ్చం అలాంటిదే తెచ్చి వరసలో పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పంది మాంసం పొయ్యిలో ఉంది, నేను బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను. ఆయన కప్పులన్నీ బల్లమీద బోర్లించి కూర్చున్నాడు. రంగు వేసినవాళ్ళు అడుగున చిన్న గుర్తు పెడతారు, చూశావా? ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. ఒక కప్పు వేలితో ముందుకు తోసి, ఇది మన ఇంటిది కాదే అన్నాడు. తరవాత లేచి దీపం జరిపాడు.

అందుకే చెబుతున్నాను, నేనిచ్చే కప్పు నిన్ను కాపాడదు. శనివారం విందయ్యాక, స్నేహితులు వెళ్ళిపోయాక, వాటిని కడిగి బోర్లిస్తారు కదా. అప్పుడు ఆయన చూస్తాడు.

ఆ ఆదివారం ఆయన చేతికి రొట్టె కోసే పలక దొరికింది. బరువైన టేకు పలక, అంచు మీద వాలిన పిట్ట బొమ్మ చెక్కి ఉండేది. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది నోటి మీద. రెండు పళ్ళు నాలుక మీదికొచ్చాయి. అలమర దగ్గర పడ్డాను. పైకి లేవడానికి అర పట్టుకోబోతే చేతికి కూజా తగిలింది. బోర్న్‌హోల్మ్ కూజా, కుందేలు బొచ్చులా నీలం గోధుమ రంగులు కలిసి కిందికి జారినట్టుండేది. చేసినాయన పోయాడు, ఆ బట్టీ కాలిపోయింది, అలాంటివి లోకంలో ఇంక పుట్టవు. ఆయనకి ప్రాణం అది. నేనేం ఆలోచించలేదు సిస్సెల్. రెండు చేతులా పట్టుకుని తలపైకి ఎత్తాను.

ఆయన ఆగిపోయాడు. పలక కింద పడేశాడు. వద్దు వద్దు, మెల్లగా, నీ కాళ్ళు పట్టుకుంటాను, మెల్లగా కింద పెట్టు, నా బంగారం కదూ అన్నాడు. పెళ్ళయ్యాక ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ఒక్క క్షణం నన్నే అంటున్నాడనుకున్నాను చూడు, ఎంత పిచ్చిదాన్నో. ఆ బంగారం కూజా.

అడుగు ముందుకేస్తే వదిలేస్తాను అన్నాను. నోట్లోంచి రక్తం కారుతూ, వెనక్కి నడుచుకుంటూ, గుమ్మం దాటి, మేజోళ్ళతో మంచులో పడి పక్కింటి ముసలావిడ దగ్గరికి పోయాను. చేపలు పట్టే ఇంటి మనిషి ఆవిడ, పొడుగ్గా, గరుగ్గా ఉండేది. మా ఆయన కంచె దగ్గరికొచ్చి, మా ఆవిడ ఉంటే ఉండనివ్వండి, కూజా మాత్రం ఇప్పించండి అని అడిగాడు. ఆవిడ చేపల కత్తి చేత్తో పట్టుకుని బయటికొచ్చి, నా గేటు మీద వేలు పెట్టి చూడరా, ఆ వేలు కోసి నా పిల్లులకి వేస్తాను అంది. ఆ పూట నోట్లో రెండు పళ్ళు లేకపోయినా నేను నవ్వాను.

ఇప్పుడు నా కొట్టు వెనకగదిలో ఉంటున్నాను. ఒక ఓకు కుర్చీ ఉంది. దాని చేతి మీద కాఫీ కప్పు పెట్టి పెట్టి గుండ్రటి మరకలు పడ్డాయి. నేను తుడవను. లివర్ ముద్ద రాసిన రొట్టె అందులోనే కూర్చుని తింటాను, తుంపులు రాలుతాయి. పాత వస్తువుల మీద నాకేం కోపం లేదు. అవి చేసిన పాపమేముంది? కూర్చోవడానికి చేసినవాళ్ళు కూర్చుంటారని చేశారు. సాయంత్రం దీపం వెలిగిస్తే వెలుగు బల్లమీద మెత్తగా పడుతుంది. దాన్నెవరూ పక్కకి జరపరు. ఆ వెలుగు చూస్తూ నేను రోజూ కాసేపు ఊరికే కూర్చుంటాను. అది నీకూ కావాలని నా కోరిక.

గురువారం పొద్దున్నే మీ ఆయన వేలంపాట సామాన్లు చూడ్డానికి కోపెన్‌హాగెన్ వెళతాడని నువ్వే చెప్పావు. ఆయన కారు మలుపు తిరగ్గానే కుక్కని తీసుకుని బస్సెక్కి నా కొట్టుకి రా. కుంటుతోంది, దాన్ని వదిలి రాలేను అన్నావు కదా, వదిలి రావద్దు. అది నా దగ్గరుంటుంది, కుర్చీ ఎక్కి పడుకున్నా ఏమీ అనను. నీకు ఆడవాళ్ళ ఆశ్రయంలో గది మాట్లాడాను. అక్కడి పెద్దావిడ నాకు బాగా తెలుసు, నీ పేరు కూడా అడగలేదు. సామాను తెచ్చుకోకు. గుర్తింపు కార్డు, మందులు, కుక్క. అంతే.

ఆలోచించి శనివారం విందు అయ్యాక చూద్దాం అనుకోకు. నేనూ అలాగే ఒక్కో పండగ దాటించాను. ఒక్కో పండగకీ ఒక్కో ఎముక ఇచ్చుకున్నాను.

నీ మేలు కోరే,
వీబెకే

తా.క. పైన ఒక మాట రాయలేదు. మొదటే రాస్తే భయపడి బస్సెక్కి ఇంటికి పోతావని ఆగాను. శనివారం వెళుతూ వెళుతూ, గల్లా పక్కన నేను పెన్నులు వేసుకునే నీలి కూజా చూసి, ఇది అమ్ముతారా అని అడిగావు. మా ఇంట్లో అలమర మధ్య అరలో గుండ్రంగా ఒక ఖాళీ ఉందండీ, సరిగ్గా ఈ కూజా అడుగంతే ఉంటుంది, అక్కడ ఎవరినీ ఏమీ పెట్టనివ్వడు, దాని చుట్టూ దుమ్ము కూడా తనే తుడుస్తాడు అన్నావు. నేను అమ్మనన్నాను. నువ్వెళ్ళాక తలుపు వేసేసి నేల మీద కూలబడ్డాను. ఆ అర నేను తుడిచినదే. మీ ఆయన పేరు నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ప్రెబెన్. ఈలవేసేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. నేను ఎన్నో ఏళ్ళు దూరాన ఆల్‌బోర్‌లో బతికి, పోయిన వసంతంలోనే ఇటు వచ్చాను. ఇంత దగ్గరలో ఉన్నానని ఆయనకి తెలియదు.

నీ సంచి బరువుగా ఉంది కదా? కప్పు కింద చూడు. పెన్నులు తీసి, కడిగి, ఆ బోర్న్‌హోల్మ్ కూజానే పెట్టాను. బుధవారం రాత్రి దాన్ని కుక్క పరుపు కింద దాచు, అటువైపు ఆయన వంగడు. గురువారం ఆయన వెళ్ళిపోతే దాని అవసరమే ఉండదు. వెళ్ళకుండా ఆగి, దీపం పక్కకు జరిపాడనుకో, రెండు చేతులా తలపైకి ఎత్తు. బతిమాలతాడు, బంగారం అంటాడు, వినకు. వెనక్కి నడుస్తూ రా. గుమ్మం బయటి మెట్లలో చివరిది కదులుతుంది, జాగ్రత్త. కంచె దాటి రోడ్డెక్కాక దాన్ని చేతుల్లోంచి వదిలెయ్. నేనప్పుడు వదలలేకపోయాను. అంత అందంగా ఉండేది.