చెరువు కట్ట మీద జరిగిన మేకులు

ధర్మవరం, గురువారం

చెరువు కట్ట మీది నడకదారిలో బల్లలు, పూలమొక్కలు ఎక్కడ రావాలో గుర్తుగా నిన్న నేను పాతించిన కొయ్య మేకులు ఈ ఉదయానికి నీటి వైపు జరిగి ఉన్నాయి. మేస్త్రీ నారాయణను అడిగితే, "పిల్లోళ్లు పీకింటారు సార్" అన్నాడు. పిల్లలు పీకిన మేకులు ఇంత తిన్నగా నిలబడవు. రోడ్డు వైపు మిగిలే చోటులో అంగళ్లు లేపాలని ఎవరో చూస్తున్నారని నా అనుమానం.

ఒక మేకుకు పట్టుపోగు చుట్టుకొని ఉంది. కట్టకు ఎదురింట్లో మగ్గం నేసే ఓబులమ్మకు చూపించాను. ఆమె దాచలేదు.

"మేమే జరిపినాంలేప్పా. తెల్లారుజామున పడుగు సాగదీసేది ఈడే. నువ్వు మద్యాన్నం వచ్చి కొలిస్తే యాడ కనపడతాది?"

"ముందే చెప్పి ఉండవచ్చు కదా అవ్వా?"

"అడిగితే కదప్పా చెప్పేది!"

నిజమే. నా సర్వే అంతా ఎండవేళే జరిగింది. మగ్గానికి ఎక్కించే ముందు పోగులను పొడుగ్గా చాచే ఆమె పడుగుకు నా పటంలో చోటే లేదు. ఎంత వెడల్పు కావాలని సిగ్గుపడుతూనే అడిగాను.

"రెండు గజాలుంటే సాలు. అంతే జరిపినాం."

సాయంత్రం టేపు పట్టి కొలిచాను. మేకులు నాలుగు గజాలు జరిగాయి. ఆమె అబద్ధమాడిందని నేను అనుకోవడం లేదు. ఆమె తరువాత మరొకరి చెయ్యి పడింది. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం తప్పంతా ఆమె మీదికే వస్తుంది.

రేపు తెల్లవారకముందే వెళ్లి ఆమె రెండు గజాలను పటంలోకి ఎక్కించాలి. మిగతా రెండు ఎవరి కోసమో, నేరం పిల్లల మీదికి తోసిన నారాయణను అడగను. మేకులను అతని చేతనే ఆ రెండు గజాలు వెనక్కి పాతించి, అప్పుడు అతని ముఖం చూడాలి.