పసుపు పూసిన తూటాలు

జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
భీమవరం దగ్గర మెరకపాలెం కాపురస్తుడు చంద్రరావు పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా తాతగారి నాటి పిస్తోలుకు తగిన, నా చేతిలోనే పేలిపోని తూటాలు ఇప్పించుట గురించి.

1. సదరు పిస్తోలు లైసెన్సు నా పేర చెల్లుబాటులో ఉన్నది. పిస్తోలే చెల్లుబాటులో లేదు.

2. మా ఇంటి ఆచారం ప్రకారం ప్రతి దసరాకు ఆయుధపూజలో పిస్తోలుతోపాటు తూటాలకు కూడా నువ్వులనూనె రాసి, పసుపు, కుంకుమ పెట్టుచున్నాను. నూనె ఇంకితే లోపలి మందు చచ్చిపోవునని బీరువా నిండా యుద్ధచరిత్రలు చదివిన నాకు తోచలేదు. ఎక్కడో చదివే ఉంటాను. పరాయివాళ్ళ తూటాల సంగతి అనుకుని ఉంటాను.

3. రాజమండ్రిలో ఆయుధాల దుకాణదారు వాటిని చూసి, "ఇవి పేలవండి బాబూ, పోపులో వేస్తే చిటపటలాడతాయేమో" అన్నాడు. అక్కడున్నవారు నవ్వారు. వారి పేర్లు సేకరించుచున్నాను. తర్వాత కొత్త డబ్బా తీసి, ఒక తూటా పిస్తోలులో పెట్టి చూసి, "సరిగ్గా దూరిందండి, పట్టుకెళ్ళిపోండి" అన్నాడు. నోట్లో పట్టిందల్లా మందు కాదు. ఇప్పటి తూటా జోరుకు ఆ ముసలి గొట్టం తట్టుకోకపోతే ఎగిరేవి నా వేళ్ళు. అర్జీలు రాయడానికి అవి అవసరం.

4. మా వరిచేను పక్కన గంగయ్య రొయ్యల చెరువు కలదు. అతడు ఉప్పునీరు మా చేలోకి పారే బోదెలోకి వదలకుండా ఇన్నేళ్ళు ఆపినది ఈ పిస్తోలే. నేను బెదిరించలేదు. అతడు గట్టు మీద తిరిగే వేళకు వరండాలో కూర్చుని దీనిని తుడుచుకున్నాను. అది చచ్చిన ఆయుధమని తెలిసిన మరునాడే నా చేను చవుడుబారును.

కావున పోలీసు ఆయుధ నిపుణునిచే పిస్తోలు తనిఖీ చేయించి, దానికి ఏ తూటా క్షేమమో రాతపూర్వకంగా తెలిపి, పాతవి స్వాధీనపరచుకొని, ఈ సంగతి మా ఊళ్ళో పొక్కకుండా చూడగలరు. ఇందులో బింకం వదిలేసి బాధను మాత్రం చిత్తగించవలెను.

పిస్తోలు కంటే తమకు విధేయుడు,
చంద్రరావు

తా.క.: దీనిని నా భార్య సంపూర్ణమ్మకు బిగ్గరగా చదివి వినిపించుచుండగా, రొయ్యలు ఇవ్వడానికి వచ్చిన గంగయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"అది పేలదని నాకెప్పుడో తెలుసండి. సంపూర్ణమ్మగారే చెప్పారు. చేను పాడైపోద్ది, నీళ్ళు ఇటు వదలకు గంగయ్యా అన్నారు. మానేశానండి."

"మరి నన్ను చూసి గట్టు దిగి పారిపోయేవాడివేంటయ్యా?"

"అదీ ఆవిడే చెప్పారండి. ఆయనకి ఉన్న సరదా అదొక్కటే, కాస్త భయపడు అని."

కనుక తూటాలు అక్కర్లేదు. భయపడినట్టు నటించి ఇన్నేళ్ళు నన్ను మోసగించిన నేరానికి ఏ సెక్షన్ వర్తించునో తెలుపగలరు. మొదటి ముద్దాయి నా భార్య. నోటీసు రొయ్యల కూర దించాక పంపగలరు.